చూసిన బిడ్డను మళ్లీ చూడాలి: ప్రాణాపాయంలో వచ్చిన పిల్లలకు ఆసుపత్రి వైద్యాన్ని మెరుగుపరిచే పద్ధతి

వానాకాలంలో ఒక సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు మీ ఆసుపత్రి ఓపీ ముందర చేతి గడియారంతో ఒక గంట నిలబడండి. బిడ్డను ఎత్తుకొని వచ్చిన ప్రతి తల్లీ గేటు దాటిన సమయాన్ని ఒక కాగితం మీద రాయండి. ఆ బిడ్డను వైద్యుడో సిస్టరో మొదటిసారి తేరిపార చూసిన సమయాన్ని దాని పక్కనే రాయండి. ఈ రెంటి మధ్య ఎంత వ్యవధి ఉందో, ఆ వ్యవధిలో చీటీ కౌంటరు దగ్గర ఎంత సేపు, బెంచీ మీద ఎంత సేపు గడిచిందో గంట తిరిగేసరికి మీకే తెలుస్తుంది. ఇందుకు కమిటీతో గాని, నిధులతో గాని పనిలేదు. వైద్యం మెరుగుపరచాలనుకునేవారు మొట్టమొదట చేయవలసిన పని ఇదే.

వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు ఏరియా ఆసుపత్రుల్లో, జిల్లా ఆసుపత్రుల్లో, చిన్న నర్సింగ్ హోముల్లో పనిచేస్తున్న వైద్యులు, సిస్టర్లు, సూపరింటెండెంట్ల కోసం దీన్ని రాస్తున్నాను. పిల్లల వార్డుల్లో పనిచేసిన ఇన్నేళ్లలో నాకు బలంగా నాటుకున్న విషయం ఒకటుంది. మన దగ్గర బిడ్డ చేజారిపోయేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, ఎవరూ చూడకముందు గేటు దగ్గర. రెండోది, ఒకసారి చూసి వైద్యం రాసిన తర్వాత మళ్లీ ఎవరూ చూడని రాత్రి వేళ. మందుల కొరత, యంత్రాల కొరత నిజమే. అయితే ఈ రెండు చోట్లా జరిగే నష్టాన్ని చాలామటుకు ఉన్న మనుషులతోనే ఆపవచ్చు.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక ఆసుపత్రిలో ఎనిమిది నెలల పాప వాంతులు, విరేచనాలతో రాత్రి తొమ్మిదింటికి చేరింది. నేనే చూశాను. కళ్లు లోతుకు పోయాయి, పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే మడత అలాగే నిలిచి మెల్లగా సర్దుకుంటోంది. లెక్క ప్రకారం రక్తనాళంలోకి ఎక్కించే రింగర్ లాక్టేట్ ద్రవం రాశాను. సిస్టరు క్యాన్యులా (రక్తనాళంలో ఉంచే సన్నని గొట్టం) వేసింది, సీసా ఎక్కడం మొదలైంది, నేను కాన్పుల వార్డు నుంచి పిలుపు వస్తే వెళ్లిపోయాను. తెల్లవారుజామున అయిదింటికి తిరిగి వచ్చేసరికి పాప చేతులు, కాళ్లు మోకాళ్ల దాకా చల్లబడి ఉన్నాయి. క్యాన్యులా వేసిన చేయి వాచి బిగుసుకుపోయింది. సీసాలో ద్రవం సగానికి పైగా అలాగే ఉంది. కేసు షీటు తిప్పి చూస్తే పన్నెండింటికి ‘స్టేబుల్’ అని, మూడింటికి ‘స్టేబుల్’ అని ఉంది. నాడి అంకె లేదు, శ్వాస అంకె లేదు, ఎంత ద్రవం లోపలికి వెళ్లిందన్న లెక్క లేదు. ఎముకలోకి సూది వేసి ద్రవం ఎక్కించి ఆ పాపను దక్కించుకున్నాం. తల్లి అప్పటికే రెండుసార్లు కౌంటరు దగ్గరికి వచ్చి, ‘మేడం, బిడ్డ ఇందాకటి లెక్క లేదు’ అని చెప్పి వెళ్లిందట. ఆ రాత్రి నలభై మంది పిల్లలకు సిస్టరు ఒక్కతే. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే ఎన్ని గంటలకు ఏమేం చూడాలో, ఏది కనిపిస్తే నన్ను పిలవాలో నేను షీటు మీద రాసి వెళ్లలేదు.

గేటు దగ్గర చేయవలసినది

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ‘ఈటాట్’ పద్ధతి వచ్చిన పిల్లలందరినీ మూడు వరుసలుగా విడదీస్తుంది: క్షణం ఆగకుండా వైద్యం మొదలుపెట్టవలసినవారు, వరుస దాటించి ముందుగా చూడవలసినవారు, వరుసలో ఆగగలిగేవారు. మొదటి వరుసను గుర్తించడానికి స్టెతస్కోపు కూడా అవసరం లేదు. ఊపిరి ఆగిపోతోందా, నీలంగా మారాడా, డొక్కలు తీవ్రంగా ఎగరేస్తున్నాడా. చేతులు చల్లగా ఉండి, గోరు మీద నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 3 సెకన్లకు పైగా పడుతూ, నాడి బలహీనంగా, వేగంగా ఉందా. స్పృహ లేదా, ఫిట్స్ వస్తున్నాయా. విరేచనాలతో మందగించి, కళ్లు లోతుకు పోయి, చర్మపు మడత 2 సెకన్ల కంటే ఎక్కువసేపు నిలుస్తోందా? ఇవి చూడడానికి చేయి తిరిగిన సిస్టరుకు నిమిషం కూడా పట్టదు. రెండు నెలల లోపు పసివాళ్లు, బాగా పాలిపోయినవారు, విషం మింగినవారు, కాలినవారు, పోషణ లేక బాగా చిక్కిపోయిన పిల్లలు, రెండు పాదాలూ వాచినవారు, వేరే ఆసుపత్రి నుంచి పంపగా వచ్చినవారు రెండో వరుసలోకి వస్తారు.

మన దగ్గర బిడ్డను మొట్టమొదట చూసేది వైద్యుడు కాదు, సిస్టరూ కాదు. గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి, ఆ తర్వాత చీటీ రాసే గుమాస్తా. కాబట్టి శిక్షణ వాళ్ల దగ్గర మొదలుకావాలి, అదీ తల్లుల మాటల్లో జరగాలి. ‘కండ్లు తేలేసిండు’, ‘సోయి లేదు’, ‘దమ్ము ఆడుతలేదు’, ‘డొక్కలెగరేస్తున్నడు’, ‘పొద్దటిసంది పాలు పడుతలేడు’, ‘పాము ముట్టింది’, ‘మందు తాగిండు’ వంటి మాటల్లో ఏ ఒక్కటి వినబడినా చీటీ, ఆధార్, వేలిముద్ర అన్నీ పక్కన పెట్టి బిడ్డను నేరుగా లోపలికి తీసుకుపోవాలని వాళ్లకు నేర్పండి. ఆ మాటలను పెద్ద అక్షరాలతో రాసి, కౌంటరు అద్దానికి లోపలివైపు, గుమాస్తా కళ్లకు కనబడేలా అంటించండి. పరుగెత్తుకొచ్చే తల్లికి గోడమీది బోర్డు చదివే తీరిక ఉండదు. నర్సింగ్ హోములవారికి ఒక మాట: అడ్వాన్సు కట్టిన రసీదు చూపిన తర్వాతే బిడ్డను ముట్టుకోవాలన్న అలవాటు మీ దగ్గర ఉంటే, మిగతా మార్పులన్నిటికన్నా ముందు దాన్ని తీసివేయండి.

ఆఫ్రికాలోని మలావీ దేశంలో బ్లాంటైర్ నగరపు పెద్దాసుపత్రిలో పిల్లల ఓపీ దారిని మార్చి, సిబ్బందికి ఈ వరుస విడదీయడాన్ని నేర్పి, అత్యవసర వైద్యాన్ని ఒక్క చోటికి చేర్చినప్పుడు, చేరిన పిల్లల్లో మరణాలు అంతకుముందున్న 10 నుంచి 18 శాతం స్థాయి నుంచి 6 నుంచి 8 శాతానికి తగ్గాయి. వాళ్లు కొన్న యంత్రాలు చాలా తక్కువ. గోడలు, తలుపులు, మనుషులు నిలబడే చోటు మార్చుకున్నారు. మన ఏరియా ఆసుపత్రుల్లో క్యాజువాల్టీ ఒక మూలన, పిల్లల ఓపీ మరో మూలన, ల్యాబు మేడ మీద ఉండడం మామూలైపోయింది. భవనం మారకపోయినా, ఓపీ పక్కనే ఒక బల్ల, దానిపైన ఆక్సిజన్, పక్కన ఒక ట్రాలీ పెట్టుకోగలిగితే సగం దూరం తగ్గినట్టే.

ఆ ట్రాలీలో ఏముండాలన్నదాని కంటే, అందులో ఉన్నది పనిచేస్తుందా అన్నది ముఖ్యం. పిల్లల అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), మూడు సైజుల మాస్కులు, సక్షన్, 24, 22 నంబర్ల క్యాన్యులాలు, ఎముకలోకి వేసే సూది, గ్లూకోమీటరు, గడువు దాటని స్ట్రిప్పులు, 25 శాతం డెక్స్ట్రోజు, రింగర్ లాక్టేటు, ఫిట్స్ ఆపే మందు, అడ్రినలిన్, మొదటి మోతాదు యాంటీబయాటిక్ ఉంటే చాలు. తాళం వేయకండి. ప్రతి షిఫ్టు మొదట్లో ఒక సిస్టరు అంబు బ్యాగును నిజంగా నొక్కి, వాల్వు దగ్గర గాలి వస్తోందా అని అరచేతితో చూసి సంతకం పెట్టాలి. రబ్బరు అతుక్కుపోయిన బ్యాగు అవసరమైన క్షణంలోనే బయటపడడం నేను రెండుసార్లు చూశాను.

బరువు సంగతి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. పిల్లల మందులన్నీ బరువు మీదే లెక్క. ఫిట్స్‌తో వచ్చిన బిడ్డను తూచడం కుదరకపోతే, ఏడాది దాటిన పిల్లలకు వయసుకు నాలుగు కలిపి రెండుతో హెచ్చవేసి ప్రస్తుతానికి ఒక అంకె రాసుకోండి. అది అంచనా అని షీటు మీద స్పష్టంగా రాసి, బిడ్డ కుదుటపడగానే తూచి సరిదిద్దండి. ఏజెన్సీ పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో బక్కగా ఉన్నవారు ఎక్కువ కాబట్టి ఈ లెక్క వారి అసలు బరువును మించవచ్చు. మూడు కిలోల నుంచి ఇరవై కిలోల వరకు ప్రతి బరువుకూ ముఖ్యమైన పది మందుల మోతాదు మిల్లీలీటర్లలో లెక్కకట్టిన పట్టికను గోడకు అతికించండి. అర్ధరాత్రి మనసులో హెచ్చవేతలు చేయవలసిన అవసరం ఎవరికీ ఉండకూడదు.

స్పృహ తప్పిన ప్రతి బిడ్డకూ, ఫిట్స్ వచ్చిన ప్రతి బిడ్డకూ వెంటనే రక్తంలో చక్కెర చూడాలి. సాధారణ పోషణ ఉన్న బిడ్డలో 45 మిల్లీగ్రాములకంటే, పోషణ లేక బాగా చిక్కిపోయిన బిడ్డలో 54 కంటే తక్కువగా ఉంటే, 10 శాతం డెక్స్ట్రోజు కిలోకు 5 మి.లీ. చొప్పున రక్తనాళం ద్వారా ఇవ్వాలి. మన దగ్గర సాధారణంగా దొరికేది 25 శాతం సీసా కనుక, అందులోంచి 2 మి.లీ. తీసి 3 మి.లీ. స్టెరైల్ వాటర్ కలిపితే 5 మి.లీ. 10 శాతం ద్రావణం తయారవుతుంది. స్ట్రిప్పులు అయిపోతే చక్కెర తక్కువగా ఉన్నట్టే భావించి ఇవ్వండి. అర గంట తర్వాత మళ్లీ చూడండి. ఫిట్స్ అయిదు నిమిషాలు దాటి, రక్తనాళం దొరకకపోతే, వెతుకుతూ కూర్చోకుండా డయాజెపామ్ కిలోకు 0.5 మిల్లీగ్రాము చొప్పున మలద్వారం గుండా ఇచ్చి, అంబు బ్యాగు చేతికందేలా ఉంచుకోండి.

ఆక్సిజన్: ఉన్నదాన్ని అందించడం

2021లో కొవిడ్ రెండో విడత తర్వాత చాలా ఆసుపత్రులకు ఆక్సిజన్ ప్లాంట్లు, గాలి నుంచి ఆక్సిజన్ తీసే కాన్సంట్రేటర్లు వచ్చాయి. అందువల్ల గోడలో గొట్టం ఉంటుంది, గొట్టంలో ఆక్సిజన్ కూడా ఉంటుంది. ఉండనిదల్లా పసిబిడ్డ ముక్కుకు సరిపోయే ప్రాంగ్స్ (ముక్కులో పెట్టే చిన్న గొట్టాలు), అర లీటరు, ఒక లీటరు కచ్చితంగా చూపించే ఫ్లోమీటరు. పెద్దవాళ్ల ఫ్లోమీటరులో బంతి పదిహేను లీటర్ల దాకా లేస్తుంది. అందులో ఒక లీటరుకు సరిగ్గా సెట్ చేయడం ఎవరి వల్లా కాదు. పిల్లల వార్డుకు చిన్న స్కేలు ఫ్లోమీటర్లు విడిగా ఇండెంటు పెట్టి తెప్పించుకోవాలి. ముక్కు ప్రాంగ్స్ ద్వారా పురిటి బిడ్డకు 0.5 నుంచి 1 లీటరు, శిశువుకు 1 నుంచి 2 లీటర్లు మొదలుపెట్టడానికి సరిపోతాయి.

ఎవరికి ఇవ్వాలన్నది కళ్లతో తేల్చే విషయం కాదు. పెదవులు నీలంగా కనబడేసరికి చాలా ఆలస్యమైపోతుంది, ఛామన ఛాయ పిల్లల్లో అది అసలే తెలియదు. పాపువా న్యూ గినీలో అయిదు ఆసుపత్రుల్లో పిల్లలందరికీ రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సీమీటరు పెట్టి చూడడం, ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు నిలకడగా నడపడం అలవాటు చేసిన తర్వాత న్యుమోనియా మరణాలు 4.97 శాతం నుంచి 3.22 శాతానికి తగ్గినట్టు 2008లో ప్రచురితమైంది. అక్కడి కొండల పల్లెలూ మన ఏటూరునాగారం, తాడ్వాయి, ఉట్నూరు వంటి ఊళ్లూ ఒక విధంగా ఒకే కష్టం పడుతున్నాయి: దూరం, వాన, కరెంటు కోతలు. 90 శాతం కంటే తక్కువ ఉన్న ప్రతి బిడ్డకూ ఆక్సిజన్ ఇవ్వాలి. షాకు, స్పృహ లేకపోవడం, తీవ్రమైన ఆయాసం వంటి అత్యవసర లక్షణాలు ఉన్నప్పుడు 94 శాతం కంటే తక్కువకే మొదలుపెట్టాలి.

ఆక్సీమీటరు చూడడంలోనూ ఒక పద్ధతి ఉంది. పెద్దల క్లిప్పును ఎనిమిది నెలల పాప వేలికి పెడితే జారిపోతుంది, లేదా తప్పు అంకె చూపిస్తుంది. చుట్టే రకం ప్రోబును పాదానికి గాని, బొటనవేలికి గాని చుట్టి, కాలు చల్లగా ఉంటే అరచేతులతో కాసేపు వెచ్చబరచి, తెరమీద అలలు ఒకే తీరుగా వస్తున్నాయా, అది చూపే నాడి మీరు లెక్కించిన నాడితో కలుస్తోందా అని చూసిన తర్వాతే అంకె రాయాలి. శ్వాసను పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేయడం పసివాళ్ల విషయంలో నమ్మదగింది కాదు. పాలు తాగి నిశ్చింతగా ఉన్నప్పుడు తల్లి ఒడిలోనే అంగీ పైకెత్తి నిండుగా ఒక నిమిషం లెక్కించండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40, ఆ పైన ఉంటే అది వేగం కిందే లెక్క.

ద్రవాలు: తక్కువైనా ప్రమాదమే, ఎక్కువైనా ప్రమాదమే

విరేచనాలతో పూర్తిగా ఎండిపోయిన బిడ్డకు మనం తరచుగా తక్కువ ఇస్తాం, మెల్లగా ఇస్తాం. కిలోకు 100 మి.లీ. రింగర్ లాక్టేటు వెళ్లాలి. ఏడాది లోపు బిడ్డకు తొలి గంటలో కిలోకు 30 మి.లీ., తర్వాతి అయిదు గంటల్లో 70 మి.లీ.; ఏడాది దాటినవారికి అర గంటలో 30 మి.లీ., తర్వాత రెండున్నర గంటల్లో 70 మి.లీ. మణికట్టు దగ్గర నాడి బలంగా తగిలేదాకా పావు గంటకో, అర గంటకో ఒకసారి చూడాలి. తాగగలిగిన మరుక్షణం నుంచి ఓఆర్ఎస్ కూడా చెంచాతో పట్టాలి. పోషణ లేక బాగా చిక్కిపోయిన పిల్లలకు ఈ లెక్క వర్తించదు. వారికి మెల్లగా, గుండె మీద భారం పడకుండా ఇచ్చే పద్ధతి వేరుగా ఉంది.

జ్వరంతో, చల్లబడిన కాళ్లతో వచ్చిన బిడ్డ విషయంలో మాత్రం మన చేయి తేలికగా తిరుగుతుంది. ‘బోలస్ కొట్టండి’, అంటే ద్రవాన్ని ఒక్కసారిగా వేగంగా ఎక్కించండి, అనడం అలవాటైపోయింది. 2011లో వెలువడిన ఫీస్ట్ పరిశోధన ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో 3,141 మంది పిల్లల మీద జరిగింది. తీవ్రమైన జ్వరం, రక్తప్రసరణ తగ్గిన లక్షణాలు ఉన్నవారిలో వేగంగా ద్రవం ఎక్కించిన పిల్లలు 48 గంటల్లో 10.6 శాతం మరణించగా, ఎక్కించని పిల్లల్లో ఆ సంఖ్య 7.3 శాతం. విరేచనాల పిల్లలను అందులో చేర్చలేదు, కాబట్టి పై లెక్కకు దీనితో వైరుధ్యం లేదు. వెంటిలేటరు, ఐసీయూ పక్కనే ఉన్నచోట వైద్యులు వేరే నిర్ణయం తీసుకోవచ్చు. ఏరియా ఆసుపత్రిలో, రాత్రి ఒక్క సిస్టరుతో, బోలస్ రాసిన ప్రతిసారీ పక్కన కూర్చొని కాలేయం పెరుగుతోందా, ఊపిరితిత్తుల్లో చప్పుడు మొదలైందా అని చూసే మనిషి ఉండాలి. అలాంటి మనిషి లేకపోతే ఆ ఆర్డరు రాయకూడదన్నది నా అభిప్రాయం.

డెంగీ కాలంలో మరొక జాగ్రత్త అవసరం. జ్వరం తగ్గిందని ఇల్లు సంతోషించే రోజే, అంటే దాదాపు మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో, రక్తనాళాల నుంచి ద్రవం కారిపోయే దశ వస్తుంది. ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మందకొడితనం, ప్లేట్‌లెట్లు పడిపోతూ హెమటోక్రిట్ పెరగడం (రక్తం చిక్కబడడం) ఉన్న బిడ్డను ‘జ్వరం లేదు కదా’ అని రౌండ్లలో దాటిపోకండి. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కదానికే భయపడే అలవాటు తల్లిదండ్రులదే కాదు, మనదీ.

మన నేలకు సంబంధించిన రెండు ప్రమాదాలు

వానలు పడ్డాక పల్లెల్లో పిల్లలు నేల మీద పడుకుంటారు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు, మాట ముద్దగా రావడం, రెప్పలు వాలిపోవడం అనే లక్షణాలతో బిడ్డ వస్తే, కాటు గుర్తు లేకపోయినా కట్లపామును అనుమానించాలి. దాని కాటు నొప్పి పుట్టించదు, చాలాసార్లు గాటు కనిపించదు. ఇలాంటి బిడ్డకు గ్యాసు సూది వేసి పక్కకు పడుకోబెట్టిన రెండు గంటల్లో శ్వాస ఆగిపోవచ్చు. రక్తపింజర కాటుకు 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష చేయడానికి సబ్బుతో కడగని, పొడిగా ఉన్న కొత్త గాజు గొట్టం కావాలి. ప్లాస్టిక్ గొట్టంలో ఆ పరీక్ష చెల్లదు. అలాంటి గాజు గొట్టాలు పది ట్రాలీలో విడిగా కట్టి ఉంచండి. విషవిరుగుడు మందు మోతాదు బిడ్డ బరువును బట్టి తగ్గించకూడదు, ఎందుకంటే పాము పెద్దవాళ్లలోకి ఎంత విషం వదులుతుందో పిల్లల్లోకీ అంతే వదులుతుంది.

రెండోది పత్తిచేల పురుగుమందు. కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచినది తాగిన బిడ్డను ముందు బట్టలు విప్పి, జుట్టుతో సహా సబ్బుతో కడగండి. కడిగేవారు గ్లవ్స్ వేసుకోవాలి. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఆపాలా, కొనసాగించాలా అన్నది కనుపాప చూసి నిర్ణయించకండి. ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గి పొడిబారిందా అన్నదే కొలత. తాగిన మందు డబ్బాను తెమ్మని వచ్చిన బంధువుల్లో ఒకరిని వెంటనే ఊరికి పంపండి.

రాత్రి

ఇక్కడే ఎక్కువసేపు ఆగవలసి ఉంది, ఎందుకంటే పగలు బాగా చేసిన పని చెడిపోయేది ఇక్కడే. మొదట పడకలు మార్చండి. అన్నిటికంటే జబ్బుగా ఉన్న నలుగురైదుగురు పిల్లలను చేరిన వరుసలో కాకుండా సిస్టరు కుర్చీకి ఎదురుగా, లైటు కింద పడుకోబెట్టండి. సాయంత్రం రౌండ్లలో వైద్యుడు ఆ పిల్లల షీటు మీద మూడు విషయాలు తప్పక రాయాలి: ఎన్ని గంటలకోసారి చూడాలి, ఏమేం కొలవాలి, ఏ అంకె దాటితే ఎంత రాత్రయినా నన్ను లేపాలి. ‘అవసరమైతే పిలవండి’ అని రాయడం సరిపోదు, ఎందుకంటే అవసరమేమిటో తేల్చే భారం అలసిపోయిన సిస్టరు మీద పడుతుంది. ‘శ్వాస 60 దాటినా, ఆక్సిజన్ 90కి తగ్గినా, పిలిస్తే పలకకపోయినా పిలవండి’ అంటే ఆమెకు ధైర్యంగా ఉంటుంది. లేపిన సిస్టరు మీద వైద్యుడు ఒక్కసారి విసుక్కుంటే చాలు, ఆ వార్డులో మరో ఆరు నెలలు ఎవరూ ఎవరినీ లేపరు.

షీటు మీద ‘స్టేబుల్’, ‘ఫెయిర్’, ‘సేమ్’ అన్న మాటలు రాయకూడదని నిర్ణయించుకోండి. శ్వాస, ఆక్సిజన్, నాడి, గోరు రంగు తిరిగే సెకన్లు, వేడి, స్పృహ, ఎంత మూత్రం వచ్చింది అన్నవాటికి అంకెలే రాయాలి. స్పృహను నాలుగు మెట్లుగా రాయవచ్చు: మెలకువగా ఉన్నాడు, పిలిస్తే పలుకుతున్నాడు, నొప్పికి మాత్రమే కదులుతున్నాడు, దేనికీ కదలడం లేదు. అంకెలు ఒకే పేజీలో పక్కపక్కన పడితే, మూడు గంటల్లో 44, 50, 58గా పెరుగుతున్న శ్వాస ఎవరి కంటికైనా కనబడుతుంది.

ఈ అంకెలకు మార్కులు వేసి కలిపే స్కోరు షీట్లు ఇప్పుడు చాలా చోట్ల వాడుకలో ఉన్నాయి. 2018లో వెలువడిన ఎపోక్ అనే పరిశోధన 21 ఆసుపత్రుల్లో అలాంటి ఒక పద్ధతిని పరీక్షించగా, మొత్తం మరణాల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. దాన్నిబట్టి స్కోరు షీటు పనికిరాదని నేననను. షీటు నింపిన తర్వాత ఎవరు లేచి వస్తారు, వచ్చి ఏం చేస్తారు అన్నది ముందే తేల్చుకోని ఆసుపత్రిలో షీటు మార్చినందువల్ల ప్రయోజనం ఉండదని నా అనుభవం. కాగితం ముద్రించడానికి ముందు పిలుపు అందుకునే వైద్యుడి పేరు, రెండో వైద్యుడి పేరు, ఫోను నంబర్లు రోజువారీగా బోర్డు మీద రాసే అలవాటు చేసుకోండి.

షిఫ్టు మారేటప్పుడు కౌంటరు దగ్గర పుస్తకం చదివి అప్పగించడం మానండి. ఇద్దరు సిస్టర్లూ ఆ అయిదు పడకల దగ్గరికి నడిచి, క్యాన్యులా చుట్టూ వాపుందా అని చేత్తో తడిమి, సీసాలో ఎంత మిగిలిందో కళ్లారా చూసి అప్పగించుకోవాలి. అయిదు పడకలకు పది నిమిషాలు పడుతుంది. నేను పైన చెప్పిన పాప విషయంలో అర్ధరాత్రి అలా ఒక్కసారి చేత్తో తడిమి ఉంటే అయిదు గంటలు కలిసివచ్చేవి.

తల్లి మాటకు షీటులో ఒక గడి ఉండాలి. ఇంగ్లండ్‌లో తల్లిదండ్రులు పదే పదే హెచ్చరించినా పట్టించుకోక 13 ఏళ్ల బాలిక 2021లో మరణించిన తర్వాత, వార్డు బృందం స్పందించనప్పుడు కుటుంబమే నేరుగా వేరే వైద్య బృందాన్ని పిలిచే హక్కునిచ్చే ‘మార్తాస్ రూల్’ను 2024 నుంచి అక్కడి ఆసుపత్రుల్లో అమలు చేస్తున్నారు. మనకు వేరే బృందం లేకపోవచ్చు. అయినా ప్రతిసారీ కొలతలు తీసుకునేటప్పుడు ‘అమ్మా, బిడ్డ ఇందాకటికంటే ఎట్లున్నడు?’ అని అడిగి, ఆమె చెప్పినది అదే మాటల్లో రాయవచ్చు. ‘మంచిగ లేడు’ అని తల్లి చెబితే అంకెలు ఎలా ఉన్నా వైద్యుడు వచ్చి చూడాలన్నది నియమంగా పెట్టుకోండి. పనిమీద పని అని సిస్టర్లు మొదట్లో భయపడతారు. నేను చూసినంతలో తల్లులు ఉత్తినే పిలవరు; పెద్ద సారును ఇబ్బంది పెడుతున్నామేమో అన్న మొహమాటంతో పిలవవలసినప్పుడు కూడా ఆగిపోతారు.

పంపించడం

వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రికి పంపాలన్న నిర్ణయం బిడ్డ చివరి దశకు చేరాక తీసుకుంటే దారిలోనే నష్టపోతాం. ఏటూరునాగారం నుంచి వరంగల్ సుమారు 100 కిలోమీటర్లు, వానలో రెండున్నర గంటలు. నిమిషానికి 2 లీటర్ల చొప్పున అందుకు 300 లీటర్ల ఆక్సిజన్ చాలు, నిండుగా ఉన్న చిన్న సిలిండరులో సుమారు 1,500 లీటర్లు ఉంటాయి. మీటరు సూది చూడకుండా బండి ఎక్కించడం వల్లే మధ్యలో అయిపోతుంది. బయలుదేరే ముందు ఫిట్స్ ఆపి, చక్కెర చూసి, మొదటి యాంటీబయాటిక్ ఇచ్చి, రెండో క్యాన్యులా వేసి, అవతలి డ్యూటీ డాక్టరుతో ఫోనులో మాట్లాడండి. 2005లో మొదలైన 108 సేవ మనకు బండినీ, ఒక సిబ్బంది మనిషినీ ఇస్తుంది. అంబు బ్యాగు పట్టవలసిన బిడ్డ అయితే మీ దగ్గరినుంచి మరొకరు వెంట వెళ్లాలి. రిఫరల్ చీటీలో ‘హయ్యర్ సెంటర్‌కు’ అన్న ఒక్క ముక్క రాసి పంపకండి. ఇచ్చిన మందు, మోతాదు, సమయం, చివరి అంకెలు, తల్లి ఫోను నంబరు రాయండి. మరుసటి రోజు ఆ నంబరుకు ఫోను చేసి బిడ్డ ఎలా ఉన్నాడో తెలుసుకోండి. మనం పంపినవారిలో ఎవరు దక్కారో తెలియకుండా మన పంపే పద్ధతిని సరిదిద్దుకోలేం. 2022లో మహబూబాబాద్, మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలలో వైద్య కళాశాలలు మొదలయ్యాయి కాబట్టి, వరంగల్ కంటే దగ్గరలో ఏ వార్డులో ఏ సదుపాయం నడుస్తోందో ప్రతి మూడు నెలలకు ఒకసారి ఫోను చేసి జాబితా సరిచేసుకోండి.

నెలకోసారి లెక్క

ప్రతి నెలా ఒక రోజు ఒక గంట కేటాయించి, ఆ నెలలో మరణించిన పిల్లల షీట్లను, చివరి నిమిషంలో దక్కిన పిల్లల షీట్లను ముందు పెట్టుకొని కూర్చోండి. వైద్యులతోపాటు సిస్టర్లు, ల్యాబు మనిషి, ఆక్సిజన్ చూసే మనిషి, చీటీ గుమాస్తా కూడా ఉండాలి. గేటు దాటిన సమయం నుంచి నిమిషాల వారీగా పైకి చదవండి. ఎవరి తప్పు అన్న ప్రశ్న తలెత్తిన క్షణమే తలలు వంగిపోయి, నోళ్లు మూతపడతాయి. ‘ఈ పదకొండు నుంచి రెండు వరకు ఈ బిడ్డను చూడడానికి మనకు అడ్డం వచ్చిందేమిటి?’ అని అడిగితే మాటలు బయటికి వస్తాయి. చేరిన 24 గంటల్లోపు జరిగిన మరణాలను విడిగా లెక్కించండి. అవి ఎక్కువగా గేటు, మొదటి గంట గురించి చెబుతాయి. 24 గంటల తర్వాతివి ఎక్కువగా రాత్రుల గురించి చెబుతాయి.

ఒక్కో సమావేశంలో ఒక్క మార్పు మాత్రమే ఎంచుకోండి. ‘పర్యవేక్షణ మెరుగుపరచాలి’ వంటి తీర్మానం రాయకండి. ‘పిల్లల వార్డుకు రెండు చిన్న స్కేలు ఫ్లోమీటర్లు, హెడ్ సిస్టరు, 20వ తేదీలోగా’ అని రాయండి. వచ్చే నెల సమావేశంలో మొదట ఆ పనే అడగండి. నేను ఆ ఎనిమిది నెలల పాప షీటును ఇలాంటి ఒక సమావేశంలో పైకి చదివినప్పుడు, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టరే లేచి ఒక మాట చెప్పింది: వార్డులో గోడ గడియారం ఆరు నెలలుగా ఆగిపోయి ఉందని, ఫోను చార్జింగ్ అయిపోతే తనకు సమయం తెలియడం లేదని. మరుసటి వారం గడియారం వచ్చింది. షీటులో ప్రతి కొలతకూ సరైన సమయం రాయడం ఆ వారంలోనే మొదలైంది.